నేను తిరగేసిన రిపీటర్

ముక్తేశ్వరంలో నిండుకాపు మీదున్న రెండు కొబ్బరిచెట్లను నోటిమాటతో కూల్చబోయిన ఘనుణ్ణి నేను. కోనసీమలో అంతకన్నా ఘోరం ఏముంటుందో మీరే చెప్పండి!

అది తొంభైల నాటి మాట. తుఫాను వచ్చిందంటే ముందు టెలిఫోన్ స్తంభాలే పడుకునేవి. అందుకని హామ్ రేడియో, అంటే సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునే లైసెన్సున్న మేం ఏడుగురం కలిసి, ఏదో టాక్సీ కంపెనీ వాడి వదిలేసిన రిపీటర్ ఒకటి తెచ్చుకున్నాం. ఎత్తున కూర్చుని, ఒక ఫ్రీక్వెన్సీలో విన్న మాటను మరో ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి చెప్పే పెట్టె అది. దాన్ని మా ఫ్రీక్వెన్సీలకు మార్చే పని నామీద పడింది. పడడమేమిటి, నేనే లాక్కున్నాను. అమలాపురంలో టీవీ రిపేరు షాపున్నవాడికి ఆమాత్రం పొగరుండదా?

కాగితం మీద రాసుకున్న నంబర్లు కంప్యూటర్‌తో ఎక్కించాను. పంపే మోత వినేవైపు పడకుండా ఆపే లోహపు డబ్బాలు దాన్లో ఉంటాయి. వాటి స్క్రూలను మూడు రోజులపాటు వెంట్రుకవాసి చొప్పున తిప్పి, వీణ విద్వాంసుడిలా కళ్ళు మూసుకుని మరీ శ్రుతి చేశాను. అదే కాగితం చూసి నా వైర్‌లెస్ సెట్టూ, నాతోపాటే లైసెన్సు తెచ్చుకున్న మా బావమరిది సెట్టూ సిద్ధం చేశాను. వాడు గడియారస్తంభం దగ్గర నుంచి అరిచాడు: "గంట కొట్టినట్టుంది బావా!"

మిగతా ఐదుగురికీ మాత్రం చప్పుడే లేదు. వాళ్ళలో ఒకరు, రిటైరైన లెక్కల మాస్టారు, ముక్తేశ్వరం నుంచి ఫోన్ చేశారు.

"ఏవండీ, నాకేమీ వినపడ్డం లేదండీ."

"మా ఇద్దరికీ బ్రహ్మాండంగా ఉందండీ. మీ యాంటెన్నాయే కిందికుంది."

పాపం, ఆయన నీళ్ళ ట్యాంకు మీదికెక్కి యాంటెన్నా బిగించారు. అయినా వినపడలేదు.

"అయితే ఎదురుగా ఉన్న చెట్లు అడ్డమండీ. తీయించేయండి."

ఫోన్‌లోనే ఆయన భార్య కేక వినిపించింది. "కాపుమీదున్న చెట్లండీ అవి! ఆయన్నే ఇటొచ్చి అడ్డంగా నిలబడమనండి!"

చెట్ల సంగతి తేలకముందే ఎమ్మార్వో గారి ఆఫీసులో ప్రదర్శన రోజు వచ్చేసింది. నచ్చితే తుఫాను కబుర్లకు మా రిపీటర్‌నే వాడతామన్నారు. గొంతు సవరించుకుని పిలిచాను. "ముక్తేశ్వరం... ముక్తేశ్వరం..." నిశ్శబ్దం.

"తుఫానొచ్చినా ఇంత ప్రశాంతంగానే ఉంటుందాండీ?" అన్నారు ఎమ్మార్వో గారు.

"వాళ్ళ సెట్లు బాగోలేవండీ."

"ఐదుగురివీనా?"

"ఆయ్."

అంతలో నా చేతిలో సెట్టు గరగరలాడింది. మాస్టారి గొంతు!

"ఏవండీ, నా సెట్లో వినే నంబరూ పంపే నంబరూ తిరగేసి చూసేనండీ. వెంటనే పలికేసింది! తమరు రిపీటర్లో వాటిని తారుమారుగా ఎక్కించేసేరు. మీ ఇద్దరి సెట్లూ అలాగే పెట్టుకున్నట్టున్నారు. ఇప్పుడు మా ఐదుగుర్నీ తలకిందులుగా నిలబడమంటారా, తమరొక్కరూ తిన్నగా నిలబడతారాండీ?"

ఎమ్మార్వో గారు బల్ల చరిచి మరీ నవ్వారు. గుమాస్తాలు ఫైళ్ళు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. నంబర్లు మార్చడం నిమిషం పనే. తప్పు నంబర్లకు శ్రుతి చేసిన ఆ స్క్రూలతో మాత్రం మళ్ళీ మూడు రోజులు కుస్తీ పట్టాక రిపీటర్ అందరికీ పలికింది.

చేతిలో స్క్రూడ్రైవర్ సాక్షిగా ప్రమాణం చేశాను: "ఇకమీదట ఏ యంత్రం మూగబోయినా, ఒకరిమీద పడేముందు నా బుర్ర మూత విప్పి చూసుకుంటాను!"

మా బావమరిది భక్తిగా చేతులు కట్టుకుని అన్నాడు: "లోపల సామానుండాలి కదా బావా!"