నిమ్మచెక్క బాబాయి

పిండేసిన నిమ్మచెక్కను ఆ ఇంట్లో ఎవరూ పారేయరు. పారేస్తే బాబాయి ఊరుకోడు. అందుకే వీధిలో పిల్లలు ఆయనకు నిమ్మచెక్క బాబాయి అని పేరు పెట్టేశారు. పొద్దున్నే వంటగట్టు మీద పాత పేపరు పరిచి, చెక్కను ఉప్పులో అద్ది, ఎక్కడెక్కడో ఏరి తెచ్చిన పాత రాగి నాణేలను పసిపిల్లాడి మొహం కడిగినంత ఓపిగ్గా రుద్దుతాడు. అక్షరాల సందుల్లో మకిలి పోవడానికి అరిగిపోయిన టూత్‌బ్రష్షు, తుడవడానికి చిరిగిన బనీను ముక్క. కిటికీ వెలుగులో తిప్పి చూసుకుని, "నిన్ననే అచ్చేసినట్టు లేదూ?" అంటాడు. పిన్ని చూడకుండానే తలూపుతుంది.

మొన్న బాబాయి వాళ్ళక్క వచ్చి, పర్సులోంచి ఒక నల్లటి నాణెం తీసి చూపించింది. అది వాళ్ళ చనిపోయిన నాన్నది. ఆయన దర్జీ, కుట్టబోయే మడతను ఆ నాణెంతోనే అణిచేవాడు. అక్క టీ తాగేలోపు బాబాయి దాన్ని తళతళలాడించి తెచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "నాన్న బొటనవేలి మరక ఉండేది కదరా ఇక్కడ" అంది. కోప్పడలేదు. "నువ్వే ఉంచుకో" అని గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడది బాబాయి చొక్కా జేబులో ఉంటుంది. నిమ్మరసం అంటిన చేత్తో దాన్ని ముట్టుకోడు. ఖాళీ దొరికితే చాలు, తీసి బొటనవేలితో రాస్తూ కూర్చుంటాడు. తర్వాత కిటికీ దగ్గర పట్టి, కాస్తయినా నల్లబడిందేమోనని చూస్తాడు. అది నిన్ననే అచ్చేసినట్టు మెరుస్తూ ఉంటుంది.