టైర్లో తాండ్ర

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లి కనిపిస్తే పులి అన్నవాణ్ణి నేను. నిజంగా పులే కనిపించి ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలీదు. మా ఆవిడ నేను చెప్పే ఏ కబురునైనా సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేసి వింటుంది. మీరూ అలాగే చదవండి.

మొన్న మా పక్కింటి కుర్రాడు కొత్త సైకిలు కొన్నాడు. కొండలెక్కే సైకిలట. టైర్లు దున్నపోతు మెడంత లావున్నాయి. "అంకుల్, లోపల ఫోమ్ ఇన్సర్ట్ వేయించాను. రాళ్లు తగిలినా, ముళ్లు దిగినా పంక్చర్ల బెడద తగ్గుతుంది" అంటూ టైరు పక్కకి లాగి చూపించాడు. లోపల మెత్తటి నురగ పట్టీ ఒకటి కొండచిలువలా చుట్టుకుని పడుకుని ఉంది. నాకు ఒళ్లంతా పులకరించింది. "ఒరే, ఇది మేం ఎనభైల్లోనే కనిపెట్టాం రా! పైగా మాది ఆకలేస్తే తినెయ్యొచ్చు కూడా!" అన్నాను. వాడు నా వైపు చూసిన చూపుకి, ఈ సంగతి రాసి పెట్టకపోతే లాభం లేదనిపించింది.

మా నాన్నకి నూజివీడులో మామిడికాయల కమిషన్ కొట్టు ఉండేది. కోతల కాలంలో రోజూ పొద్దున్నే కొట్టు ముందు వేలం. తోటలోని కాయంతా ఎడ్లబండి మీద తాపీగా వచ్చేది గానీ, అంతకు ముందే ఒక్కో తోట నుంచి ఒక్కో నమూనా గంప సైకిలు మీద వచ్చి వరసలో కూర్చోవాలి. బయటూళ్ల నుంచి వచ్చిన కొనుగోలుదార్లు ఆ గంపలో కాయ చూసి పాట పాడతారు. వెనకొచ్చే బండెడు కాయకీ అదే ధర. నాన్న ఇత్తడి చేతిగంట ఊపితే పాట మొదలైనట్టు. ఆ గంట బాపులపాడు దాకా వినిపించేదని చెబితే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను. గంట మోగాక వచ్చిన గంపని మాత్రం నాన్న కన్నెత్తి చూసేవాడు కాదు. కన్నతండ్రి తెచ్చినా చూసేవాడు కాదు. మా తాత ఒకసారి తెచ్చాడు కూడా. చూడలేదు.

మా అక్కని చేసుకున్న బావ మా తోట చూసేవాడు. అక్కా బావా తోటలోనే పాక వేసుకుని ఉండేవాళ్లు. బావకి చెట్లంటే వెర్రి. పొద్దున లేచి ప్రతి బంగినపల్లి చెట్టునీ పేరుపేరునా పలకరించి, రసాల చెట్ల దగ్గర కుశల ప్రశ్నలు వేసి, కలెక్టరు మామిడి చెట్టుకి మర్యాదగా నమస్కారం కూడా పెట్టేవాడు. మనుషుల దగ్గరే నోరు పెగిలేది కాదు. ఆయనకి ఒక్కటే శని. మా గంప కొట్టుకి ఆలస్యంగా చేరేది. ముందటేడు గంట దాటాక వచ్చిన రోజులే ఎక్కువ.

దానికి కారణం బావ బద్ధకం కాదు, కంచెలు. కాయ ఊరుతోందనగానే చుట్టుపక్కల తోటల వాళ్లంతా కంచెలు బాగు చేసుకునేవాళ్లు. తుమ్మ కంప నరికి, మోపులు కట్టి, తాడేసి మట్టిదారి వెంట ఈడ్చుకుపోయేవాళ్లు. దొంగల కోసం బయల్దేరిన ముళ్లలో సగం దారిలోనే రాలిపోయి మా సైకిలు కోసం కాచుక్కూర్చునేవి. సరిగ్గా కోతల ముందు, ఏడాదికొకసారి, ఆ దారి మీద చీమ నడవాలన్నా చెప్పులు కావాలి.

ఆ ఏడు మొదటి కోత దగ్గర పడగానే నాన్న తోటకొచ్చాడు. అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"అల్లుడుగారూ, ఈసారి మొదటి కోత గంప గంటలోపు రాలేదనుకోండి, ఇక మీరు తోట వదిలేసి కొట్టుకి వచ్చెయ్యండి. నీడ పట్టున కూర్చుందురుగాని. తోటకి వేరే మనిషిని చూస్తాను."

"కొట్టులోనా మావయ్యగారూ?" అన్నాడు బావ. జైలుకా అన్నట్టుంది ఆ గొంతు.

"ఫ్యాను కూడా ఉంది" అన్నాడు నాన్న.

ఆయన వెళ్లాక బావ చాలాసేపు ఒక చెట్టు మొదట్లో చెయ్యి వేసి నిలబడ్డాడు. నేనప్పుడు డిగ్రీ పరీక్షలు రాసేసి, ఫలితాలొచ్చేలోపు నా తెలివితేటలు ఎక్కడ ఖర్చు పెట్టాలా అని చూస్తున్నాను. "పద బావా, సైకిలు సంగతి తేల్చేద్దాం" అన్నాను.

రోడ్డు మలుపులో సైకిలు షాపుంది. షాపాయన మా ట్యూబుని బయటికి లాగి, వెలుగులో పెట్టి, ఎక్స్‌రే చూసే డాక్టరులా మొహం పెట్టాడు.

"ఇందులో ట్యూబెక్కడుందండీ? అన్నీ ప్యాచీలే. ప్యాచీలు ఊడిపోకుండా అక్కడక్కడా కాస్త ట్యూబు వేసినట్టుంది."

"మరేం చెయ్యమంటావు?"

"లోపల పొర పడాలండీ. పాత టైరు అంచులు కోసేసి, టైరుకీ ట్యూబుకీ మధ్యన దూర్చామంటే ముల్లు లోపలిదాకా రాదండి."

"అయితే వెయ్యి, ఇప్పుడే."

"పాత టైర్లేవండీ? మీకంటే ముందు తోటలోళ్లంతా వచ్చి ఎగరేసుకుపోయారు. మైలవరం నుంచి తెప్పించాలి. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

"ఎల్లుండే కోత!" అన్నాడు బావ. ఆయన ఒక మనిషితో అంత గట్టిగా మాట్లాడ్డం నేను ఆ రోజే మొదటిసారి విన్నాను.

పాకకి తిరిగొచ్చాం. మా మొహాలు చూసి అక్క రేకుడబ్బా తీసి చెరో ముక్క తాండ్ర చేతిలో పెట్టింది. నిరుటి తాండ్ర అది. రసాల గుజ్జు చాప మీద పోసి, ఎండబెట్టి, మళ్లీ పోసి, మళ్లీ ఎండబెట్టి వేసవంతా కష్టపడి చేసింది. ఏడాది తిరిగేసరికి నల్లబడి, చెప్పుల తోలులా బిగుసుకుపోయింది. బావ ముక్క పళ్లతో పట్టుకుని లాగాడు. తెగలేదు. రెండు చేతులతో లాగాడు. సాగిందే గానీ తెగలేదు. అలా లాగుతూ లాగుతూ ఉన్నవాడు హఠాత్తుగా ఆగిపోయి, ముక్క నోట్లోనే ఉండగా నా వైపు తిరిగాడు. కళ్లు పెట్రోమాక్స్ లైట్లలా వెలిగాయి.

"ఒరే బావమరిదీ! ఇది పళ్లకే లొంగట్లేదే, ముల్లుకేం లొంగుతుంది రా?"

నేను పరిగెత్తుకెళ్లి కంచెలోంచి ముల్లు తెంపుకొచ్చాను. వేలెడు పొడవు అన్నాననుకోండి, మా ఆవిడ లెక్కలో మీరు సరిచేసుకోండి. తాండ్రని అరచేతి మీద పరిచి గుచ్చాను. ముల్లు వంగింది. నేనూ వంగాను. తాండ్ర వంగలేదు. ఇద్దరం లేచి గంతులేశాం.

సైకిలు తిరగేసి, టైరు ఊడదీసి, తాండ్ర పట్టీలుగా కోస్తుంటే వెనక నుంచి అక్క వచ్చింది.

"ఏంటండీ ఇది? తినే వస్తువు తీసుకెళ్లి టైర్లో పెడతారా? ఇద్దరికీ మతి గానీ పోయిందా?"

"తోట నిలబడాలంటే ఇదొక్కటే దారే" అన్నాడు బావ. "లేదంటే కొట్టు వెనక గదిలో కాపురం మనకి."

అక్క ఒకసారి డబ్బా వైపు చూసింది. ఒకసారి పాక ముందు తను నాటుకున్న మల్లెపొదల వైపు చూసింది. కత్తెర అందుకుంది.

"ఒక్క వరసేం సరిపోతుంది? రెండేసి వరసలు వెయ్యండి. మధ్యన బియ్యప్పిండి చల్లండి, లేకపోతే ట్యూబుని పట్టుకుని వదలదు. ఇదిగో, చిరిగిన ముక్కలు పక్కన పెట్టండి, అవి మనం తినొచ్చు."

పొద్దు వాలేలోపు రెండు చక్రాలూ సిద్ధం. గాలి కొట్టి, బావ సైకిలెక్కి, ముళ్లు ఎక్కడ ఎక్కువున్నాయో ఏరుకుని మరీ అక్కడికే తోలాడు. నేను పక్కన పరిగెడుతూ చెవి రిక్కించి విన్నాను. కర్రు కర్రుమని ముళ్లు విరుగుతున్నాయి గానీ, మాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన ఆ 'హుస్స్' మాత్రం లేదు! ముందుకీ వెనక్కీ పదిసార్లు తిరిగాడు. "హుస్స్ లేదు రా!" అని బావ అరుపు. "హుస్స్ లేదే!" అని నా అరుపు. పాక గుమ్మంలో అక్క బియ్యప్పిండి చేతులతోనే చప్పట్లు కొట్టింది.

కోతరోజు తెల్లవారుతూనే గెడలకి వల చిక్కాలు కట్టి కాయ దింపారు. తొడిమలు కోసి, సొన కార్చి, బావ ఒక్కో కాయనీ పసిబిడ్డని తుడిచినట్టు తుడిచి గంపలో పేర్చాడు. గంప క్యారేజీ మీద కట్టి బయల్దేరాం. నాది అద్దె సైకిలు. దానికి తాండ్ర లేదు. మొదటి మలుపు కూడా దాటకుండానే రెండు చక్రాలూ ఒకేసారి 'హుస్స్'మన్నాయి. దాన్ని కంచెకి ఆనించేసి, ఒక్క గెంతులో బావ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చున్నాను.

అబ్బ, ఏం ప్రయాణమండీ అది! దారి పొడుగునా మిగతా తోటల సైకిళ్లు బోర్లా పడుకుని ఉన్నాయి. వాటి యజమానులు బొక్కెన నీళ్లలో ట్యూబులు ముంచి బుడగలు వెతుక్కుంటున్నారు. మధ్యలోంచి మేం దూసుకుపోతున్నాం. పక్క తోటాయన తలెత్తి, "ఏంటండోయ్, ముళ్ల మీద తేలిపోతున్నారు! ఏం పెట్టారేంటి అందులో?" అని అరిచాడు.

"పొర!" అని అరిచాను నేను.

"ఏ పొర?"

అప్పటికే చాలా దూరం వచ్చేశాం.

మేం లెక్కలోకి తీసుకోనిది సూర్యుణ్ణి. నూజివీడు ఎండ పొద్దున్నే మొదలెడుతుంది. దారి కాలింది, టైరు వేడెక్కింది, ముగ్గురి బరువు పడింది. గంపని కూడా మనిషి కిందే లెక్కవేశాను. ఏడాదిపాటు తోలులా బిగుసుకున్న తాండ్ర, తను అసలు పండునన్న సంగతి గుర్తు తెచ్చుకుంది. మెల్లగా కరిగి, టైరు అంచుల్లోంచి పాకంలా కారడం మొదలెట్టింది. ముందు ఒక ఈగ వచ్చింది. అది వెళ్లి తాలూకా మొత్తానికి చెప్పింది. ఆ వెనకే మేకలు.

మంద మాకు అడ్డంగా వస్తోంది. వాసన తగిలిందో లేదో, అన్నీ ఒక్కసారి తిరిగాయి. సైకిలుని చుట్టుముట్టి రెండు చక్రాలూ నాకడం మొదలెట్టాయి. ఒక ముసలి పోతు గడ్డం వెనక చక్రానికి అతుక్కుపోయింది. మేం ఒక అడుగు కదిలితే అదీ ఒక అడుగు కదిలేది.

మేకలు తోలే ఆవిడ కర్ర ఊపుకుంటూ వచ్చింది. "ఏంటయ్యా, చక్రాలకి బెల్లం పూసుకొచ్చారా?"

"బెల్లం కాదమ్మా, తాండ్ర" అన్నాడు బావ, గడ్డం విడదీస్తూ.

"తాండ్రా? మీ ఇంట్లో నోళ్లు లేవా? నాకు పెట్టినా పోయేదిగా!"

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, వీటిని తోలు. గంట కొట్టేస్తారు."

"ఎంతసేపని తోలను? ఎప్పుడూ ఇంత మర్యాద ఎరగవు పాపం ఇవి, నాకనివ్వు."

చివరికి బావ జేబులో దాచుకున్న చిరుగు ముక్కలన్నీ తీసి పొలంలోకి విసిరాడు. మంద అటు పరిగెత్తింది. మేం ఇటు పరిగెత్తాం.

కొట్టు ముందు గంపలన్నీ వరసలో ఉన్నాయి. కొనుగోలుదార్లు నిలబడి ఉన్నారు. నాన్న గంట చేత్తో పట్టుకుని పైకెత్తాడు. బావ బ్రేకు వేస్తే పాకం మీద అది పడకుండా జారింది. నేను కడ్డీ మీంచి గాల్లోకి లేచాను. గంప నేలని తాకిన క్షణానే గంట మోగింది! నేను ఎలుగెత్తి కేక పెట్టాను. కొనుగోలుదార్లంతా గుప్పున కొట్టిన వాసనకి మా గంప చుట్టూ మూగారు, ఈగలతో సహా.

నాన్న దగ్గరికొచ్చాడు. "పచ్చికాయ గంపకి పండు వాసనేంటి అల్లుడుగారూ?"

బావ చక్రం వైపు చూపించాడు. నాన్న వంగి, రిమ్ము మీద కారినదాన్ని వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు.

"మా అమ్మాయి చేతి తాండ్ర" అన్నాడు. "మీరు తోటలోనే ఉండండి నాయనా. కొట్టులో కూర్చుంటే ఈ ఈగల్ని నేను తోలలేను."

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. మేకలు మంద కాదు, కొన్నే. ముసలి పోతు గడ్డం అతుక్కున్నది కాసేపే. అవన్నీ సాగదీసినవి, అంతే. తాండ్ర సాగినట్టే. తాండ్ర నిజం, మేకలు నిజం, నాన్న అన్న మాట నిజం. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే. మేం సమయానికి చేరామన్నది.

మేం చేరేసరికి పొద్దెక్కింది. బండ్లు కూడా వచ్చేస్తున్నాయి. కొనుగోలుదార్లు గోల పెడుతున్నారు. "ఏంటండీ ఆలస్యం? గంట కొట్టండి!" అంటున్నారు. నాన్న అందరికీ గోలీసోడాలు ఇప్పించి, గంటని వెల్లకిలా తిప్పి చూపిస్తున్నాడు. "ఏం చెయ్యమంటారండీ? గంట లోపలి నాలిక ఊడి ఎక్కడో పడిపోయింది. వెతికిస్తున్నాను."

నాన్న చొక్కా జేబు బరువుగా కిందికి వేలాడుతుండటం నాకు కనిపించింది. బావకీ కనిపించింది.

మేం గంప దించాక ఆయన అటు తిరిగి, జేబులోంచి ఆ నాలికని తీసి, గంటకి తగిలించి, ఊపాడు. వరస మొదట్లో సరిగ్గా ఒక గంపకి సరిపడా చోటు ఖాళీగా ఉంది. బావ మా గంప తీసుకెళ్లి అక్కడ పెట్టి, చక్రానికి అంటుకున్న మేక వెంట్రుకలు పీకుతూ నిలబడ్డాడు.