‘అండీ’ చాటున దాచుకున్న మరుపు

నా భార్య కరుణను మొట్టమొదటిసారి “ఏవండీ” అని పిలిచిన రోజు నాకు బాగా గుర్తుంది. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో నాకు గుర్తున్న సంగతులు బహు తక్కువ.

అది ఆదివారం. ఏలూరులో చర్చి అయ్యాక, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మా బావమరిది జయరాజుతో కలిసి ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. శీలావతి చేప పులుసు. ఇంకో గరిటె కావాలనిపించింది. ముప్ఫయ్యేళ్ల అలవాటు కొద్దీ “కరుణా” అని కేకెయ్యబోయాను. నోరు తెరిచాను గానీ పేరు రాలేదు. మనిషి ఎదురుగానే ఉంది, చేతిలో గిన్నె ఉంది. పేరు మాత్రం ఎంత తడుముకున్నా తగల్లేదు.

“ఏవండీ, కాస్త పులుసు పోస్తారా?” అన్నాను.

జయరాజు పగలబడి నవ్వాడు. “బావగారికి మా అక్క మీద భక్తి ముదిరిపోయిందండోయ్!”

కరుణ నవ్వలేదు. “ఆయ్, పోస్తానండీ” అని పోసి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు.

మా ఇద్దరికీ మా అమ్మే గుర్తొచ్చింది. డెబ్భై దాటాక అమ్మకు అన్నీ మరిచిపోయే జబ్బు వచ్చింది. చివరి రెండేళ్లూ కన్నకొడుకునైన నన్ను చూసి “ఎవరండీ తమరు? మజ్జిగ పుచ్చుకుంటారా?” అని అడిగేది. పశ్చిమ గోదావరి మనిషి కదా, జ్ఞాపకం పోయినా మర్యాద పోలేదు. నాకప్పటికి యాభై నాలుగేళ్లే. అమ్మ దారిలో ఇంత తొందరగా బయల్దేరానా అని భయం పట్టుకుంది.

నిజం చెప్పాలంటే మరుపు ఆ రోజు మొదలైంది కాదు. రెండేళ్లుగా ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

నేను కైకలూరులో ఒక ఐసు ఫ్యాక్టరీకి మేనేజరును. చెరువుల్లో చేపలు పట్టుబడి చేసే రోజున ఐసు అందకపోతే సరుకంతా పాడైపోతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, లారీ ఎప్పుడు వస్తుందో తెలియదు. రెండు వేల నాలుగు, అయిదు ప్రాంతంలో ఓనరుగారు నాకు రెండు సెల్‌ఫోన్లు ఇచ్చారు. అదో గౌరవం అనుకుని రెండూ దిండు కింద పెట్టుకు పడుకునేవాణ్ణి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నాకైతే నిద్రన్నదే తెలియకుండా పోయింది. రోజుకు పది టీలు, చీటికీ మాటికీ కోపం, గుండెల్లో దడ. ఎవరికి ఎన్ని ఐసు దిమ్మలు కావాలో పుస్తకం చూడకుండా చెప్పేవాణ్ణని నాకు పేరు. ఆ పేరు నిలుపుకోవాలన్న యావలో మనుషుల పేర్లు జారిపోవడం మొదలైంది.

అయినా ఎవరికీ దొరకలేదు. మన వైపు ఉన్న సౌకర్యం అది. “రండి బాబుగారూ”, “చెప్పండమ్మా”, “అలాగేనండీ” అంటూ ఏళ్ల తరబడి ఎవరి పేరూ పలకకుండా బతికెయ్యొచ్చు. పైగా, “మేనేజరుగారు ఈమధ్య ఎంత నెమ్మదస్తులయ్యారండీ” అని మెచ్చుకున్నారు కూడా. మొగుడు పెళ్లాన్ని “ఏవండీ” అనడం మాత్రం మన వైపు కూడా చెల్లలేదు.

మర్నాడే కరుణ స్కూలుకు సెలవు పెట్టింది. ఆవిడ టీచరు, చెయ్యి పట్టుకుందంటే వదలదు. ఏలూరులో చూపిస్తే బీపీ నూట డెబ్భై ఉంది. ఆ డాక్టరుగారు విజయవాడలో న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. బ్లడ్ టెస్టులు, థైరాయిడ్, బీ ట్వెల్వ్, ఎమ్మారై అన్నీ చేశారు. ఎమ్మారై గొట్టంలో పడుకుంటే, ఆ మోతకు మా ఫ్యాక్టరీ కంప్రెసర్ రూములో ఉన్నట్టే ఉంది. ఎన్నాళ్లకో అక్కడ కాసేపు కునుకు పట్టింది.

తర్వాత డాక్టరుగారు ఎదురుగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు. గొడుగు, మామిడి, రైలు అని మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. వందలోంచి ఏడు తీసేస్తూ రమ్మన్నారు. అది గడగడా చెప్పేశాను. “ఇందాకటి మూడు మాటలు?” అన్నారు. రైలొక్కటే వచ్చింది.

“మీ పక్కింటాయన పేరేంటండీ?”

“సుందరరావుగారండీ” అంది కరుణ.

“అమ్మా, మీరు చెప్పకండి. ఇంట్లో కూడా ఇలాగే అందిస్తున్నారా?”

కరుణ తల వంచుకుంది. “రెండేళ్లుగా అందిస్తున్నానండీ.”

అప్పుడు తెలిసింది నాకు. ఎవరు గేటు దగ్గరికొచ్చినా “ఏవండీ, సుందరరావుగారొచ్చారు”, “ఏవండీ, మార్తమ్మ వచ్చింది” అని ముందే కేకేసేది. మర్యాదకు చెబుతోంది అనుకున్నాను. నేను దాచానని మురిసిపోతుంటే, నాకంటే బాగా ఆవిడ దాచింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. డాక్టరుగారి ముందే ఏడ్చాను.

ఆయన తొందరపెట్టలేదు. ఫిల్ము లైటు మీద పెట్టి చూపించారు. “మీ వయసుకు మించి మెదడు కుంచించుకుపోలేదు. ఇది మీ అమ్మగారికొచ్చిన డిమెన్షియా కాదని ఇవాళ చెప్పగలను. ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి మాత్రం రాసివ్వలేను. ఏళ్ల తరబడి స్ట్రెస్, నిద్రలేమి, బీపీ, లోపల డిప్రెషన్. ఇవన్నీ కలిసి ఇప్పుడు మరుపు తెచ్చాయి. ఇలాగే వదిలేస్తే డిమెన్షియా రిస్కు పెరుగుతుంది. స్ట్రెస్ ఉన్న ప్రతివాడికీ వస్తుందని కాదు. అమ్మగారి దగ్గర్నుంచి వచ్చింది మీరు మార్చలేరు. ఇవి మార్చగలరు కదా?”

బీపీకి ఒక మాత్ర, డిప్రెషన్‌కు కొన్ని నెలలు ఒక మాత్ర, రోజూ నలభై నిమిషాల నడక, ఏడు గంటల నిద్ర రాశారు. ఫోను ఇంటికి తేవద్దన్నారు. ఇంటికొచ్చాక కరుణ తన మందు కూడా కలిపింది. పేరు పలక్కుండా ‘అండీ’ అనకూడదు. పేరు రాకపోతే నోరు తెరిచి అడగాలి.

ఓనరుగారు పెద్దమనసుతో సాయంత్రాలకు ఇంకో మేనేజరును పెట్టారు. నేను లేకపోతే ఫ్యాక్టరీ మూతపడుతుందని లోలోపల నమ్మకం నాకు. ఫోన్లు ఇచ్చేసిన మర్నాడు వెళ్లి చూద్దును కదా, నీళ్లు ఎప్పటిలాగే శుభ్రంగా ఐసు అయ్యాయి! ఆ దిమ్మలను చూస్తే ఎంత కోపమొచ్చిందో అంత హాయిగానూ అనిపించింది.

కరుణ మందు మాత్రం చేదుగా ఉండేది. “మీ పేరు మర్చిపోయానండీ, చెబుతారా?” అని అడగడానికి మొదట్లో చెమటలు పట్టేవి. మా పక్క షెడ్డులో చేపలు సర్దే ఆడవాళ్లు నా సంగతి పసిగట్టి సంబరం చేసుకున్నారు. వాళ్లందరికీ పెద్దదిక్కయిన వెంకాయమ్మ రోజూ పొద్దున్నే నడుం మీద చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడేది.

“నా పేరేంటండీ మేనేజరుగారూ?”

“తెలియదమ్మా.”

“నాగమణండీ.”

మర్నాడు ధీమాగా “నాగమణీ!” అన్నాను. షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. “కాదండీ బాబూ, నేను ఎంకాయమ్మనండీ! పరీచ్చ ఎట్టాను!”

నాకూ ఆగలేదు. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. అలా నవ్వి ఎన్నేళ్లయిందో. ఒక్క నెలలో పద్దెనిమిది మంది పేర్లూ, ఊళ్లూ, ఎవరి కోడలు ఎవరితో పోట్లాడిందో కూడా వచ్చేసింది.

అంతా బాగుందనుకుంటుండగా నాలుగో నెలలో దెబ్బ తగిలింది. తాడేపల్లిగూడెంలో జయరాజు కూతురి పెళ్లి. పెద్దలను పేరుపేరునా వేదిక మీదికి పిలిచే పని నాకిచ్చాడు. వారం రోజులు వల్లించాను. మైకు పట్టుకుని ముగ్గురిని పిలిచాను. నాలుగో పేరు దగ్గర అంతా తుడిచిపెట్టుకుపోయింది. జనం చూస్తున్నారు. జయరాజే వచ్చి మైకు తీసుకున్నాడు.

ఆ వారమంతా నడక మానేశాను. ఓనరుగారిని బతిమాలి ఒక ఫోను మళ్లీ తెచ్చుకున్నాను. అమ్మలాగే అవుతాను, మందులెందుకు అని కరుణ మీద అరిచాను. ఆవిడ మళ్లీ స్కూలుకు సెలవు పెట్టి విజయవాడ బస్సెక్కించింది.

డాక్టరుగారు అంతా విని నవ్వారు. “స్టేజి ఎక్కితే నేనూ మర్చిపోతానండీ. మైకు చూసి బెదిరితే అందరికీ అంతే. ప్రతి మరుపునూ జబ్బు అనుకుని భయపడితే ఆ భయమే ఇంకో స్ట్రెస్. పట్టించుకోకండి, నడవండి.” ఫోను ఆయన టేబుల్ మీదే పెట్టించి, వెళ్లేటప్పుడు కరుణ చేతికిచ్చారు.

మళ్లీ నడిచాను. ఫ్యాక్టరీకి వెళ్లే బస్సులో కొల్లేరు దాటుతూ కిటికీలోంచి బయటికి చూడటం నేర్చుకున్నాను. అన్నేళ్లు ఆ దారిన తిరుగుతూ గూడబాతులను సరిగ్గా చూడలేదంటే మీరు నమ్మరు. సంచిలాంటి ముక్కులేసుకుని అవి ఎంత తీరిగ్గా ఉంటాయో!

ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష. ఈసారి తాళం, అరటి, పడవ. అయిదు నిమిషాలాగి మూడూ చెప్పాను. “కిందటేడు ఇచ్చినవి గొడుగు, మామిడి, రైలండీ” అని కూడా అన్నాను. డాక్టరుగారు కలం కిందపెట్టి చప్పట్లు కొట్టారు. కరుణ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. బీపీ మాత్ర సాగుతోంది, రెండోది డాక్టరుగారే మెల్లగా తగ్గించి మాన్పించారు. అప్పుడప్పుడు పేర్లు తప్పిపోతూనే ఉంటాయి. రేపేమవుతుందో నాకు తెలియదు. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పడుతోంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పేరు గుర్తురాకపోతే ‘అండీ’ చాటున దాక్కోకండి, అడిగెయ్యండి. అడగాల్సిన అవసరం తరచూ వస్తోందంటే, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పరీక్షలో వాళ్లను మాత్రం అందించనివ్వకండి.

మా గేటు చప్పుడైతే కరుణ ఇప్పుడు కేకెయ్యదు. గుమ్మం పక్కన నిలబడి నావైపు చూస్తుంది. నిన్న సాయంత్రం కూడా అలాగే నిలబడింది. “రండి సుందరరావుగారూ, కూర్చోండి” అన్నాను. తర్వాత పనేమీ లేకుండానే “కరుణా!” అన్నాను.

“పక్కనే ఉన్నాను కదండీ, ఎందుకండీ ఆ కేక?” అంది.

“పేరు ఉందో లేదో చూసుకుంటున్నాను” అన్నాను.