సగం మాత్ర సంగతి అడిగిన డాక్టరమ్మ

పొద్దున్నే మా అత్త హుసేనమ్మ గడప దగ్గర కూర్చుని అడకత్తెరతో వక్క కత్తిరిస్తుంటే, ఆ టక్కుమనే చప్పుడుకు పొయ్యి దగ్గర నా చెయ్యి ఇప్పటికీ ఆగుతుంది. కోయిలకుంట్ల ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసి పోయిన డాక్టరమ్మ గుర్తొస్తుంది. రాజంపేట వైపు మనిషి. నేను ఐదో తరగతితో బడి మానేసి, పరుపులు కుట్టే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మనిషిని ఎలా అడగాలో మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ రోజుల్లో మా అత్తకు బీపీ ఎంతకీ దిగేది కాదు. మా వీధిలో ఒకామెకు అట్లాగే ఉండి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆ భయంతోనే అత్తను తీసుకుపోయాను. డాక్టరమ్మ కంప్యూటర్ చూసింది. అందులో నెలనెలా మాత్రలు ఇచ్చినట్టుంది, అలవాట్లు ఏవీ లేవని ఉంది.

"మాత్రలు మింగుతాండావా అవ్వా?"

"మింగకుండా యాడికి పోతాయమ్మా?"

"బీడీ, పొగాకు ఏమన్నా?"

"బీడీ తాగే దాని మాదిరి కనపడతాండానా నీకు?"

బెంచీ మీద వాళ్లంతా నవ్వారు. డాక్టరమ్మా నవ్వింది. ఇంకో మాత్ర కలపాలని కంప్యూటర్ వైపు తిరిగిందల్లా ఆగి, కుర్చీ మా అత్త వైపు జరుపుకుంది.

"సరే, పొద్దున లేసినప్పటినుంచి నోట్లో ఏమేమి వేసుకున్యావో వరసగా చెప్పు."

"టీ తాగితి. ఆకూవక్కా వేసుకుంటి."

"ఉత్త ఆకూవక్కేనా?"

"రోంత పొగాకు. అది లేకుంటే ఆకు నమిలినట్టుంటాదా?"

"ఆమీద?"

"సగం మాత్ర మింగితి."

"ఇంకో సగం?"

"లక్ష్మక్కకిస్తి."

లక్ష్మక్క మా పక్కింటామె. తమ ఇద్దరిదీ ఒకటే తలతిప్పుడని తేల్చుకుని, వక్క కత్తిరించినట్టే మాత్రనూ అడకత్తెరతో రెండు చేసి గోడ మీదుగా ఇస్తోందట అత్త. రంజానుకు సేమ్యా, ఉగాదికి ఓళిగలు ఇచ్చిపుచ్చుకునే చేతులు. మాత్ర ఒక్కటీ వేరే ఎట్లా అవుతుంది వాళ్లకు?

డాక్టరమ్మ తిడుతుందని తల దించుకున్నాను. ఆమె తిట్టలేదు. కంప్యూటర్‌ను మా వైపు తిప్పి చూపించింది.

"మేము ఇచ్చింది ఈడ ఉండాది అవ్వా. నువ్వు మింగింది ఈడ లేదు. రెండూ ఒగటే అనుకోని ఇంకోటి రాసింటే, నువ్వు రెండూ నిండుగా మింగిన రోజు కండ్లు తిరిగి పడిపోతాంటివి."

ఇచ్చినవి వేరుగా, మింగినవి వేరుగా, పొగాకు సంగతితో సహా అందులో ఎక్కించింది. కొత్త మాత్ర రాయలేదు. ఉన్నదే నిండుగా మింగమంది, పొగాకు రోంత రోంత తగ్గించి మానుకోమంది. లక్ష్మక్కను తోలుకురమ్మంది.

చూస్తే లక్ష్మక్కది బీపీ కానే కాదు, ఒంట్లో రక్తం లేక తలతిప్పుడు. మా అత్త ప్రేమగా ఇచ్చిన సగం మాత్ర ఆమె తలను ఇంకా తిప్పుతోంది.

"నన్ను సంపాలనుకుంటివా హుసేనమ్మా?"

"నిన్ను సంపితే నాకు ఓళిగలు ఎవురు పెడతారే?"

మెల్లమెల్లగా అత్తకు బీపీ దిగింది. డాక్టరమ్మ బదిలీ మీద రాయచోటి పోయింది. ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా, అలవాట్లున్నాయా అని నేను అడగను. పక్కన కూర్చుని, పొద్దున్నుంచి నోట్లో ఏమేమి వేసుకున్నావని అడుగుతాను. టీ తర్వాత వచ్చే మాట కోసం కాచుకుంటాను.

ఈ పొద్దు కూడా అడకత్తెర చప్పుడు ఆగగానే గోడ అవతలినుంచి లక్ష్మక్క పలికింది.

"మాత్ర మింగితివా?"

"నిండుది మింగితి. నీకేం లేదు పో."