కుర్చీ కాళ్లకు మేజోళ్లు

కుర్చీని నేలమీద ఈడ్చిన చప్పుడు వింటే మాగుంబోకు ఒళ్లు మండేది. బులవాయో పట్నంలో ఒక తెల్లదొరసాని ఇంట్లో పద్దెనిమిదేళ్లు మోకాళ్లమీద కూర్చుని చెక్కనేల తుడిచిన మనిషి ఆమె. అక్కడ కుర్చీలు ఈడ్చేది విందుకొచ్చిన పెద్దమనుషులు. గీత పడితే తిట్లు తినేది మాగుంబో. "నీకు కళ్లు లేవా?" అనేది దొరసాని. కళ్లుండబట్టే కదా, ఆ గీతను అందరికంటే ముందు చూసింది తనే! ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనలేకపోయింది. అందుకు దొరసాని మీదకన్నా తనమీదే ఆమెకు కోపం ఎక్కువ.

న్జూబె పేటలో రెండు గదుల సొంతిల్లు అమరాక ముందుగదికి ఎర్ర సిమెంటు నేల వేయించుకుంది. ప్రతి శనివారం ఎర్ర పాలిష్ రాసి, బ్రష్షుతో రుద్ది, పాత ఉన్నిగుడ్డతో మెరుగుపెట్టేది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడితే నేలలో ఇంకో కిటికీ కనిపించేది. ఇన్నేళ్ల చాకిరీలో ఎవరి మెప్పు కోసమూ కాకుండా చేసుకున్న పని అదొక్కటే.

ఆ గదిలో ఇనపకాళ్ల కుర్చీలు నాలుగు, ఏనుగంత సోఫా ఒకటి ఉండేవి. కుర్చీ కాళ్లకు మొదట సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగింది. నేలమీద నల్లచారలు పడ్డాయి. ఉత్త గుడ్డ చుడితే రెండు రోజులకే జారిపోయింది. చివరికి పట్టుకోసం లోపల ట్యూబు, జారడం కోసం పైన దుప్పటి ముక్క పెట్టి పురికొసతో బిగించింది. అక్కడితో అయిపోలేదు. నెలకోసారి విప్పి ఉతకాలి, లేకపోతే ఉన్నిలో చేరిన ఇసుక ఉప్పుకాగితంలా నేలను గీకేస్తుంది. ముడులు వేసే పని మాత్రం ఆమె భర్త అబ్సలోమ్‌ది. రైల్వే షెడ్డులో ఫిట్టరతను. "నా మేజోళ్లకు చిల్లులు, కుర్చీలకేమో కొత్తవి!" అని సణుగుతూనే బిగించేవాడు.

"మాగుంబో కుర్చీలు బడికి పోతున్నాయే, మేజోళ్లు కూడా వేసుకున్నాయి!" అని కుళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వేవారు. ఆమె పట్టించుకునేది కాదు. నేల తుడిచే చేతికే తెలుస్తుంది గీత లోతెంతో.

అబ్సలోమ్ గుండె ఆగి పోయాడు. మూడో రోజు మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి శవం వస్తుందన్నారు. శవాన్ని ఇంటి లోపలే దించాలి, వాకిట్లో దించితే పరువు తక్కువ. అందుకని చావింట్లో ముందుగది ఖాళీ చెయ్యాలి. సామానంతా బయటికి పోతే ఆడవాళ్లు శవం చుట్టూ నేలమీద కూర్చుంటారు. భర్త పోయిన మనిషి మూలన పరుపుమీద, తలమీదుగా దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. పాతిపెట్టేదాకా నోరు విప్పకూడదు. అది అత్తింటివారి పద్ధతి. ఆమెను అలా కూర్చోబెట్టింది అబ్సలోమ్ అక్క తోకొజిలే, ఏడేళ్ల తర్వాత మొన్ననే ఫిలబూసి నుంచి దిగిన ఆడపడుచు.

మగవాళ్లు కుర్చీలకు చెయ్యి వేశారో లేదో, తోకొజిలే కేక పెట్టింది.

"ఆగండ్రా! కాళ్లకు ఏం కట్టిందిరా ఇది? అమ్మో, నల్లగా లోపల ఏదో ఉంది! నా తమ్ముడు కూర్చునే కుర్చీకి చేతబడి మందు కట్టింది!"

కేకపెట్టి ఊరుకోలేదు. గేటు దాకా పరుగెత్తి, వాకిట్లో చావుకొచ్చినవాళ్లకు సంకటి కలుపుతున్న ఆడవాళ్లూ వీధిలో నిలబడ్డ జనమూ వినేలా అరిచింది. "కాళ్లు కట్టేసి చంపేసిందర్రా నా తమ్ముణ్ణి!"

అబ్సలోమ్ అన్న ఫినియస్ గంభీరంగా తల పంకించాడు. "చేత్తో ముట్టుకోకండి. కత్తి తీసుకురండి."

మేజోళ్లు కోశారు. పుల్లతో ఎత్తి వాకిట్లోకి విసిరేశారు. తర్వాత ఆ బోసి ఇనపకాళ్ల కుర్చీని గుమ్మం దాకా ఈడ్చారు. నేల కిర్రుమంది. రెండో కుర్చీని ఈడ్చారు. దుప్పటి కింద మాగుంబో పళ్లు కూడా కిర్రుమన్నాయి. దొరసాని ఇంట్లో మింగిన మాటలన్నీ గొంతులోకి ఎగదన్నాయి. దుప్పటి విసిరికొట్టి లేచింది.

"ఎత్తండ్రా! ఈడ్చకండి, ఎత్తండి!"

మగవాళ్లు కుర్చీని అక్కడే వదిలేశారు.

"చూశారా!" అంది తోకొజిలే. "మొగుడి కోసం రాని గొంతు నేలకోసం వచ్చింది!"

"మొగుడి కోసం మూడు రోజులుగా ఏడుస్తూనే ఉన్నా వదినా. మొహం మీద దుప్పటి కప్పింది నువ్వు. నీకెలా కనపడుతుంది?"

మాగుంబో వాకిట్లోకి నడిచింది. దుమ్ములోంచి ఒక మేజోడు తీసింది. జనం వెనక్కి జరిగారు. ఆమె దాన్ని పళ్లతో చించి లోపలిది బయటికి లాగింది.

"ఇదిగో మందు. సైకిల్ ట్యూబు. ఇదిగో ఇంకో మందు. దుప్పటి పీలిక. వాసన చూడండి బావగారూ, భయమెందుకు?"

ఫినియస్ మొహం తిప్పుకున్నాడు. షెడ్డులో అబ్సలోమ్‌తో కలిసి పనిచేసిన జ్వెలిబంజి ముందుకొచ్చి దాన్ని అందుకున్నాడు.

"ఈ ముడి నాకు తెలుసు. మా షెడ్డులో ఇలా వేసేది వాడొక్కడే. పగిలిన ట్యూబుల కోసం నా ప్రాణం తీసేవాడు, మా ఆవిడ కుర్చీలకు చెప్పులు కుట్టాలిరా అని." తోకొజిలే వైపు తిరిగాడు. "ఏం పెద్దక్కా, వాడి కాళ్లు వాడే కట్టేసుకుని చచ్చాడంటావా?"

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

తోకొజిలే మొహం మాడిపోయింది. "అలాంటప్పుడు ముందే చెప్పొచ్చుగా?"

"నోరు విప్పకూడదని కూర్చోబెట్టింది నువ్వేగా!"

"సర్లే, అయిపోయింది," అన్నాడు ఫినియస్. "శవం వచ్చే వేళయింది. వెళ్లి కూర్చో అమ్మాయ్."

"అవలేదు బావగారూ. ఆవిడ గేటు దగ్గర అరిచింది. మందు కాదని గేటు దగ్గరే చెప్పాలి."

"చావింట్లో పంతాలేంటి?"

"మీరంతా ఆదివారం బస్సెక్కి పోతారు. ఈ వీధిలో బతకాల్సింది నేను. మొగుణ్ణి చంపిన దాని బిందె పక్కన ఎవరు బిందె పెడతారు?"

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల సోఫా, మిగిలిన కుర్చీలూ అలాగే ఉన్నాయి.

"సోఫా కదలదు. శవం వస్తే వాకిట్లో దించుకోండి."

వీధి చివర శవం బండి హారన్ వినిపించింది. ఫినియస్ అక్క వంక చూశాడు. ఆమె కాళ్లీడ్చుకుంటూ గేటు దగ్గరికి వెళ్లి, నేల చూపులు చూస్తూ గొణిగింది. "మందేం కాదు. గుడ్డపీలికలు."

"గట్టిగా చెప్పు వదినా," అంది మాగుంబో. "అప్పుడు ఇంతకంటే గట్టిగా అరిచావు."

"మందు కాదు!" తోకొజిలే గొంతు చీలిపోయింది. "వినపడిందా? నా తమ్ముడే కట్టిన గుడ్డపీలికలు! మందు కాదు!"

సంకటి కలిపే తెడ్లు ఆగాయి. వీధంతా విన్నది.

మాగుంబో గుమ్మం వదిలి పక్కకు జరిగింది.

"ఇప్పుడు ఎత్తండి," అంది మగవాళ్లతో.