దేవుడు మా యాసలో మాట్లాడిన పీరియడు

ఊరక రారు మహానుభావులంటారు. ఊరక వచ్చే పుస్తకాల మీద కూడా నాది అదే అభిప్రాయం. తెలంగాణ కోసం జరిగిన పెద్ద సమ్మె ముగిసి బడులు తెరిచిన కొత్తలో, మరిపెడ బజారు నుంచి ఒక ఆటోలో అట్టపెట్టెలు మా ప్రభుత్వ హైస్కూలుకు వచ్చాయి. విప్పి చూస్తే అన్నీ ఒకే పుస్తకం కాపీలు. మెరిసే అట్ట, లోపల రంగుల బొమ్మలు, దేవుళ్ళ కథలు, మొత్తం ఇంగ్లీషులో. పదో తరగతిలో ఎంతమంది ఉన్నారో కనుక్కుని మరీ పంపారు. బజారులో వ్యాపారులు కలిసి తెప్పించారని చెప్పారు.

హెడ్మాస్టరు నన్ను పిలిచి ఒక పుస్తకం చేతిలో పెట్టారు.

"రేపటి సంది ఆఖరు పీరియడ్ల గిది చదివించమ్మా. సమ్మెల పిల్లలు ఇంగ్లీషు మొత్తం మర్చిపోయిండ్రు. కథలైతే జర ఇష్టంగ చదువుతరు."

"పాఠాలే సగం మిగిలిపోయినయి సార్," అన్నాను.

"సావుకారి అడిగిండు. మన బడికి బెంచీలు చేయించింది ఆయనే. కాదంటె బాగుండది." అని నవ్వారు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేను ఆదివారం చర్చికి పోతానని ఆ బడిలో అందరికీ తెలుసు. ఇంగ్లీషు చెప్పేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పుస్తకం నాకే వచ్చి ఉండవచ్చు. కానీ నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాను. చదివించనంటే మతం అడ్డొచ్చిందంటారు. చదివిస్తే ఎక్కడో ఒక మాట పట్టుకుంటారు. ఎటు చూసినా నాకు పరీక్ష పెట్టడానికే ఆ పెట్టెలు వచ్చినట్టు అనిపించింది.

అప్పుడు నేను విద్యా వాలంటీరును. ఏ ఏటి కొలువు ఆ ఏటితోనే సరి. మళ్ళీ జూన్లో హెడ్మాస్టరు నా పేరు పంపితేనే బడి, లేకపోతే ఇల్లు. నాన్న పోయినప్పటి నుంచి దంతాలపల్లిలో మా ఇంట్లో అమ్మా నేనే. నాకు ఈ పని దొరికాకే అమ్మ మిరప చేనుకు కూలికి పోవడం మానింది. ఎండు మిరపకాయలు ఏరీ ఏరీ ఆమె చేతులు ఎప్పుడూ మండేవి. అన్నం కలుపుకోవడానికి కూడా చెంచా వాడేది. పొరపాటున కంట్లో చెయ్యి పెట్టుకుంటే ఆ రోజంతా ఏడుపే. ఈ కొలువు పోతే ఆమె మళ్ళీ ఆ చేనుకే పోవాలి. కాబట్టి సరే సార్ అన్నాను.

ఆ సాయంత్రం పుస్తకం ఇంటికి తెచ్చుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఎక్కడో మందు పెట్టి ఉంటారని వెతికాను. ఏమీ దొరకలేదు. మంచి కథలే. దొరకనందుకు నాకు ఇంకా అనుమానం పెరిగింది.

ఆదివారం నాటికి ఈ సంగతి చర్చిలో కూడా తెలిసిపోయింది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను ఆపారు.

"గా దేవుళ్ల కథలు నువ్వే చదివిపిస్తున్నవంట గద బిడ్డా?"

"ఇంగ్లీషు చదివిస్తున్న అయ్యగారూ."

"ఇంగ్లీషే, గాని జర చూసుకో," అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది నా పని.

మొదటి రోజుల్లో ఆ పీరియడు నిద్రమత్తుగా సాగింది. ఒకరు లేచి ఇంగ్లీషు చదివేవారు, మిగతావాళ్ళు బొమ్మలు చూసేవాళ్ళు. నేను అర్థం చెప్పేదాన్ని, కానీ నా నోట్లోంచి కూడా పాఠ్యపుస్తకం తెలుగే వచ్చేది. "అప్పుడు భగవంతుడు ఆ వృద్ధురాలితో ఇట్లనెను" అని చెబితే పిల్లలు నా ముఖం వంక జాలిగా చూసేవారు. విసుగొచ్చి ఒకరోజు పుస్తకం బల్లమీద పెట్టాను.

"ఒకరు ఇంగ్లీషుల చదవాలె. ఇంకొకరు గదే మాట ఇంట్ల అవ్వకు చెప్పినట్టు చెప్పాలె," అన్నాను.

ఎవరూ లేవలేదు. చివరికి సావుకారి కూతురు లేచింది. అదే, మా బడికి బెంచీలు చేయించి ఈ పుస్తకాలు పంపిన సావుకారి. ఆ పిల్ల మంచి చురుకైనదే కానీ క్లాసులో నోరు విప్పదు. చిన్న తరగతిలో ఉన్నప్పుడు కోస్తా నుంచి వచ్చిన ఒక సారు ఆమె మాట తీరు విని పకపకా నవ్వాడట. అప్పటి నుంచి అడిగిన దానికి తలూపడమే తప్ప మాట లేదు. అలాంటి పిల్ల లేచేసరికి నేనే ఆశ్చర్యపోయాను.

కథ ఏమిటంటే, ఒక దేవుడు బాటసారి వేషంలో ఒక ముసలమ్మ గుడిసెకు వచ్చి దాహం అడుగుతాడు. ఆమె అతన్ని నమ్మదు. ఆ ముసలమ్మ నాకు బాగా నచ్చిందని వేరే చెప్పాలా?

ఆ పిల్ల గొంతు సవరించుకుని చెప్పింది.

"అవ్వా, గొంతు ఎండిపోతున్నది. జర మంచినీళ్లు పోస్తవా?"

క్లాసు నవ్వింది. అది వెక్కిరింపు నవ్వు కాదు. ఆ పిల్లకూ అది తెలిసింది. గొంతు మార్చి ముసలమ్మ మాట అందుకుంది.

"నువ్వెవ్వలు రా? మొఖం సూస్తె మా ఊరోని లెక్క లేవు."

"అన్ని ఊర్లు నాయే అవ్వా. నీ ఇల్లు గూడ నాదే అనుకొని వచ్చిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ పిల్లలు కూడా పుస్తకంలో ఆ వాక్యం ఎక్కడుందో వెతుక్కున్నారు. దేవుడు ఇంత దగ్గరగా వచ్చి కూర్చోవడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి ఆఖరు పీరియడు కోసం ఎదురుచూడడం మొదలైంది. మాట మన మాటలోకి రావాలంటే ముందు ఇంగ్లీషు అర్థం కావాలి కదా, అందుకని ఎవరికి వాళ్ళే అర్థాలు అడిగి తెలుసుకునేవారు. అంత మంచిగా నేను ఎన్నడూ పాఠం చెప్పలేదు. నాకు చాలా సంతోషం వేసింది. వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే మంచి ఏదీ నా దగ్గర ఎక్కువ కాలం ఉండదు.

ఒక శనివారం సావుకారి ఇద్దరు వ్యాపారులను వెంటబెట్టుకుని పుస్తకాలు ఎట్లా చదువుతున్నారో చూడడానికి వచ్చాడు. ఆయన్ను నేను అంతకు ముందే ఎరుగుదును. సమ్మె రోజుల్లో బస్టాండు పక్కన టెంటు వేసి నిరాహార దీక్షలు చేసినప్పుడు ఆయన మైకు పట్టుకుని మాట్లాడాడు. "సినిమాల మన మాట ఎవనికి పెడుతరు? రౌడీకి, జోకర్ కు, పనిమనిషికి. హీరోకు ఎన్నడన్న పెట్టిండ్రా? మన మాట మనకు సిగ్గా?" అన్నాడు. నేను ఆ జనంలోనే నిలబడి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

ఆ రోజు తండ్రి ముందు కూతురే లేచింది. ముందు ఇంగ్లీషు చదివింది. సావుకారి పక్కవాళ్ళ వైపు గర్వంగా చూశాడు. తర్వాత అలవాటు ప్రకారం పుస్తకం మూసి, "అవ్వా, గొంతు ఎండిపోతున్నది" అని మొదలుపెట్టింది. సావుకారి ముఖం మారింది.

"ఆపు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "గిదేంది టీచరమ్మా? దేవుడు గిట్ల మాట్లాడుతడా?"

"పిల్లలకు మంచిగ అర్థమైతదని, ఇంట్ల మాట్లాడే మాటల చెప్పుమన్న," అన్నాను.

"ముసల్ది మాట్లాడనియ్యి, దేవుడు మాట్లాడుడేంది? సినిమాల జోకర్ లెక్క చేసిండ్రు. మీ చర్చిల గిట్లనే చేస్తరా మీ దేవున్ని?"

నేను దేనికోసం రోజూ కాచుకుని ఉన్నానో ఆ మాట రానే వచ్చింది. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"గా మాటలు టీచర్ చెప్పలే బాపు. నేనే చెప్పిన," అంది ఆ పిల్ల. ఇంకా నిలబడే ఉంది. "జోకర్ లెక్క కాదు. దేవుడు నీ లెక్క మాట్లాడిండు."

సావుకారి తన కూతురి వంక చూశాడు. ఆయన మనసు కరుగుతుందేమో అనుకున్నాను. కరగలేదు. "ఎవలు నేర్పిండ్రు నీకు గీ మాట?" అని మళ్ళీ నా వైపే చూసి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరు ఆ సాయంత్రం నన్ను పిలిచారు. కూర్చోమనలేదు.

"సావుకారిని నేను సముదాయించిన. జూన్ల నీ పేరు పంపాల్నంటె నాకు కూడ పదిమంది మద్దతు ఉండాలె గద. ఒక్క పని చెయ్యి. ముసల్ది, రైతు, దొంగ, ఎవ్వలన్న మన తీరుగ మాట్లాడనియ్యి. దేవుడు మాట్లాడేటప్పుడు మాత్రం మంచి తెలుగు ఉండాలె."

మంచి తెలుగు అంటే ఏది సార్ అని అడగాలనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కూడా ఆ టెంటు కింద కూర్చున్నవాడే. కానీ అమ్మ చేతులు గుర్తొచ్చాయి. సరే సార్ అన్నాను.

సోమవారం క్లాసులో చెప్పాను. "దేవుడు ఇగ మన లెక్క మాట్లాడడు. టీవీల వార్తల లెక్క మాట్లాడుతడు." పిల్లలు నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు ఇష్టం లేదు. సావుకారి కూతురు లేచింది. ముసలమ్మ మాటలు ఎప్పటిలాగే మా మాటలో చెప్పింది. దేవుడి వంతు వచ్చేసరికి ఆగింది. చివరికి పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యాన్నే మళ్ళీ ఒకసారి చదివి కూర్చుంది.

తర్వాత లేచినవాళ్ళు కూడా అదే చేశారు. నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ ఆపలేదు. ఆ ఏడాది మిగిలిన కథలన్నిటిలో మనుషులు మా యాసలో మాట్లాడారు, దేవుళ్ళు ఇంగ్లీషులో జవాబు చెప్పారు. ఇందులో కూడా ఏదో తప్పు పట్టుకుంటారని రోజూ అనుకునేదాన్ని. ఒకరోజు సావుకారి మళ్ళీ వచ్చాడు. ఆయన కళ్ళు మూసుకుని కథంతా విన్నాడు.

"గిప్పుడు మంచిగున్నది టీచరమ్మా. దేవుడు దేవుని లెక్కనే ఉన్నడు," అన్నాడు. కూతురు పుస్తకంలోంచి తలెత్తలేదు.

జూన్లో నా పేరు మళ్ళీ పంపారు.

బడులు తెరిచిన రోజు పొద్దున నేను బస్సుకు తయారవుతుంటే అమ్మ గోడ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తోంది. రోజూ చేసేదే, నేను ఎప్పుడూ చెవిన పెట్టలేదు. "నాయినా, బిడ్డ నౌకరి సల్లగ సూడు. నాకు మళ్ల మిరుప చేను చూపియ్యకు. కండ్లు మండుతయి నాయినా," అంటోంది. మా చర్చిలో కూడా దేవుడి మాటలన్నీ పుస్తకం తెలుగులోనే చదువుతారు, సావుకారి కోరిన ఆ మంచి తెలుగులోనే. ఆ తెలుగులో ఎవరు పలకరించినా అమ్మ కంగారుగా లేచి నిలబడుతుంది, దవాఖానలో డాక్టరును చూసినట్టు. ఇంగ్లీషు సంగతి సరేసరి.

అమ్మ అడగడం ఆపి కాసేపు కళ్ళు మూసుకుని ఊరుకుంది, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు. తర్వాత తల ఊపి, "గట్లనే నాయినా," అంది. ఆమె లేవలేదు, కంగారు పడలేదు.

దేవుడు అమ్మకు ఏ మాటలో జవాబు చెప్పాడో నాకు అర్థమైంది. అయినా నేను అమ్మను అడగలేదు. ఈ సంగతి ఎట్లాగో హెడ్మాస్టరు దాకా పోతుందని నా అనుమానం.