మా సార్ ఇచ్చిన జనరల్

పోయిన ఆదివారం మా మరిది కొడుకు పట్టుబట్టడంతో అశోక్‌నగర్ వెళ్లాను. వాడక్కడ సివిల్స్ పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాడు. ఢిల్లీలో అసలు ఇంటర్వ్యూకు పోయేముందు ఇక్కడ ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టి, నాలాంటి రిటైరైన అధికారులను బల్లకు ఇవతల కూర్చోబెడతాడు. ప్రశ్నలు అడగడానికి మనకేం కష్టం, నోరుంటే చాలు కదా అని ఏసీ గదిలో హాయిగా కూర్చున్నాను. అంబర్‌పేటలో ఉంటున్న ఒకమ్మాయి లోపలికొచ్చింది. సొంతూరు మహబూబ్‌నగర్ వైపు, ఇంట్లో అందరూ కట్టడం పనులకు పోయేవాళ్లే. నీకు ఆదర్శం ఎవరమ్మా అని నా పక్కనున్న పెద్దాయన అడిగితే ఆ పిల్ల తడుముకోకుండా ఒక అమెరికన్ జనరల్ పేరు చెప్పింది, సైన్యంలో పనిచేసి తర్వాత రాయబారిగా వెళ్లినాయన పేరు. నా చేతిలో టీ కప్పు కాస్తా చీర మీద ఒలికింది.

ఆ పేరు ఇక్కడ రాయను. రాశానంటే రేపీపాటికి అశోక్‌నగర్ జిరాక్స్ షాపులన్నింట్లో అది ముఖ్యమైన ప్రశ్న అయిపోతుంది. ఆ పేరుతో నాకున్న చుట్టరికం మాత్రం చెప్పాలి.

మా కాలంలో గ్రూప్స్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూ ఉండేది, ఇప్పుడు లేదు. రాతపరీక్ష ఎంత బాగా రాసినా చివరికి బల్ల ముందు కూర్చుని బెదరకుండా నాలుగు ముక్కలు మాట్లాడకపోతే అంతా గంగలో కలిసేది. నేను నల్లకుంటలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు చిక్కడపల్లి మార్కెట్ వెనక రేకుల గదిలో మా సార్ దగ్గర చదువుకునేదాన్ని. ఆ ఏడు దాటితే నాకు వయసు దాటిపోతుంది, మళ్లీ రాసే వీలుండదు. రాంనగర్‌లో బట్టలు కుట్టే మా అన్న నా చదువు కోసం తన పెళ్లి కూడా వాయిదా వేసుకుంటూ వస్తున్నాడు గనక నాకు ఆ ఇంటర్వ్యూ ఒక్కటే దారి.

మా సార్ బక్కపల్చటి మనిషి, చాలా మంచివాడు, అంత మొండివాడు కూడా. ఆదర్శం ఎవరని అడిగితే అందరూ చెప్పే పేర్లే చెబితే బోర్డు వాళ్లు ఆవలిస్తారని, అమెరికన్ జనరల్ పేరు చెబితే తలెత్తి చూస్తారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మంచిదే, కానీ ఆ జనరల్‌ను ఆయన ఒక్కరికి కాదు, గదిలో ఉన్న అందరికీ ఇచ్చాడు. మేమూ బుద్ధిమంతులమై వరసబెట్టి బట్టీ పట్టాం. నాకంటే ముందు ఇంటర్వ్యూకు పోయినవాళ్లు ఒక్కొక్కరే ముఖాలు వేలాడేసుకుని వచ్చి, పేరు చెప్పగానే బోర్డులో వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారని చెబుతుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి.

నా ఇంటర్వ్యూకు వారం ముందు సార్ దగ్గరికి పోయి, నేను వేరే పేరు చెప్పుకుంటానని భయపడుతూనే అన్నాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన సుద్దముక్క కింద పెట్టి, అంతవరకు ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన కూడా ఇదే ఇంటర్వ్యూకు పోయి, తను నిజంగా ఇష్టపడే ఆ జనరల్ పేరే చెప్పాడట. మన దేశంలో గొప్పవాళ్లే లేరా అని బోర్డు పెద్ద అడిగితే ఏం చెప్పాలో తోచక తల దించుకుని బయటికి వచ్చేశాడట. ఉద్యోగం రాలేదు. ఏటా పిల్లలందరికీ అదే పేరు ఎందుకు పట్టిస్తున్నాడో అప్పుడు అర్థమైంది నాకు. తనను ఓడించిన ఆ ప్రశ్నకు మాలో ఎవరైనా జవాబు తెస్తారేమోనని ఆశ.

"నమ్మకం లేకుంటే చెప్పకు బిడ్డా. కని ఒక్కపారి ఆయన గురించి మంచిగ చదువు, తర్వాత నీ ఇష్టం," అన్నాడు.

మర్నాటి నుంచి బడి వదలగానే అశోక్‌నగర్ లైబ్రరీకి పోయి, లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఇంకో పక్క పెట్టుకుని కూర్చున్నాను. ఆ జనరల్ చదువులో అంతంతమాత్రమేనట. సైన్యంలో చేరాక కూడా తన వెనక వచ్చినవాళ్లు పైకి పోతుంటే ఏళ్ల తరబడి చిన్న హోదాలోనే ఉండిపోయాడు. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు ముందు వరసలో ఉరికిన మనిషి కాదు; ఎవరికి తిండి చేరాలి, ఎవరికి బూట్లు చేరాలి, ఏ దళం ఎక్కడుండాలి అని బల్ల ముందు కూర్చుని ఆలోచించిన మనిషి. గెలిచాక ఇక ఇంటికి పోయి తోటపని చూసుకుందామనుకుంటే, తమలో తాము కొట్టుకుంటున్న ఒక దేశంలో ఇరువర్గాలకూ రాజీ కుదర్చమని రాయబారిగా పంపారు. యూనిఫాం విప్పి వెళ్లాడు. అక్కడ ఇతని మాట అతనికీ అతని మాట ఇతనికీ చెప్పి, ఇద్దరి అనుమానానికీ గురై, చివరికి ఉత్తచేతులతో తిరిగివచ్చాడు. వచ్చాక కూడా ఏ ఒక్కరి మీదికీ నెట్టకుండా తప్పు ఇద్దరిదీ అని చెప్పాడు. సార్ నోట్సులో గెలుపులన్నీ ఉన్నాయి గానీ ఈ ఓటమి ఒక్క ముక్కలో తేలిపోయింది. నాకు మాత్రం ఆయన మీద ప్రేమ పుట్టింది అక్కడే.

ఇంటర్వ్యూలో ఆయన పేరు చెప్పగానే అనుకున్నట్టే నవ్వారు. మీ కోచింగ్ సెంటర్‌కు ఈయన కులదైవమా అని ఒకాయన వేళాకోళమాడాడు. నేను ఆ ఓటమి సంగతి చెప్పాను. నవ్వులు ఆగాయి. అప్పుడు బోర్డు పెద్ద కళ్లజోడు సర్దుకుని, మా సార్‌ను అడిగిన ప్రశ్నే నన్నూ అడిగాడు. బట్టీ పట్టిన భాష ఎక్కడికి పోయిందో, మా ఇంటి భాషే వచ్చేసింది.

"ఉన్నరు సార్, మా గల్లీలనే ఉన్నరు. నల్లా కాడ కొట్లాటయితే నడుమ నిలబడి రెండు దిక్కుల తిట్లు తినేటోళ్లు. వాళ్ల పేరు చెప్తే మీకు తెల్వది కద, అందుకే ఈయన పేరు చెప్పిన."

ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లంతో చిక్కడపల్లి పోతే సార్ పొట్లం వంక చూడనైనా చూడలేదు, ఆ ప్రశ్న అడిగారా, నువ్వేం చెప్పావు అన్నదే ఆయన ఆత్రం. చెప్పాను. మళ్లీ చెప్పించుకున్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, తనకు అప్పుడు ఇది తట్టలేదని మెల్లగా అన్నాడు. ఆయన సంతోషం చూసి నాకు ఏడుపొచ్చింది.

తర్వాత రెవెన్యూలో పనిచేసినన్నాళ్లూ పొలం గట్టు తగాదాల్లో అన్నదమ్ముల మధ్య కూర్చుని, ఆ జనరల్ లాగే నేనూ చాలాసార్లు ఓడిపోయాను. సార్ పోయి చాలా ఏళ్లయింది. రేకుల గది ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

ఇవన్నీ తలుచుకుంటూనే మొన్న ఆ అమ్మాయిని నేను కూడా అదే అడిగాను, మన దేశంలో గొప్పవాళ్లే లేరా అని.

"ఉన్నరు మేడం, మా బస్తీలనే ఉన్నరు. పేరు చెప్తే మీకు తెల్వది," అంది.

ఎవరు నేర్పారని అడిగితే వాళ్ల సార్ అంది. ఆయనకు వాళ్ల సార్ చెప్పారట. మా సార్ నా జవాబును తర్వాతి పిల్లలందరికీ పంచి ఉంటాడు, ఆయన అలవాటే అంత. నన్ను ఎవరూ అడగనిది నేను ఆ పిల్లను అడిగాను, పేరు చెప్పమ్మా, తెలుసుకుంటానని. అది నోట్సులో లేని ప్రశ్న. పిల్ల మేస్త్రీకీ కూలీలకూ మధ్య నిలబడి మాటపడే తన మేనత్త పేరు చెప్పింది. నేనది కాగితం మీద రాసుకున్నాను.

నారాయణగూడ మీదుగా ఇంటికి వస్తూ, ఆ రోజు బోర్డు వాళ్లు నన్ను కూడా పేరు అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో అని ఆలోచించాను. నేను ఎవరిని తలుచుకుని ఆ మాట అన్నానో నాకు తెలుసు. మా గల్లీలో నల్లా దగ్గర ఎవరి బిందె ముందో తేల్చి, ఇద్దరి శాపనార్థాలూ తిని, చివరికి తన బిందె ఖాళీగా తీసుకుపోయే ఒకావిడ. ఇప్పుడు ఆ నల్లా లేదు. ఇంటింటికీ ట్యాంకులు వచ్చాయి, నీళ్ల కోసం ఎవరూ కొట్లాడుకోవడం లేదు, ఒకరి ముఖం ఒకరికి తెలియడం కూడా లేదు. ఆమె పేరేమిటో దారి పొడుగునా తలుచుకున్నాను. మేమందరం అక్కా అనే పిలిచేవాళ్లం, పేరు ఎవరమూ అడగలేదు.